శ్లాబు దాటిన రూపాయి

జీతం పెరిగిందన్న కబురుతో పాటే "శ్లాబు మారుతుందేమో" అన్న గుబులు కూడా చాలామంది ఉద్యోగులకు కలుగుతుంది. ఆదాయం ఒక గీత దాటగానే మొత్తం ఆదాయం మీద పెద్ద రేటు పడుతుందని, పెరిగిన పది వేల కోసం ఇరవై వేలు కట్టుకోవలసి వస్తుందని, అందుచేత గీతకు ఇవతలే ఆగిపోవడం తెలివైన పని అని ఆ గుబులు వెనుక ఒక లెక్క ఉంటుంది. ఈ లెక్కను నమ్మి అదనపు పనిని వదులుకునేవారు, మార్చి నెలాఖరులో అక్కరలేని బీమా పాలసీ కొనేవారు ఉన్నారు. ఆదాయపు పన్ను శ్లాబుల వరకు ఈ లెక్క తప్పు. అయితే అది ఊరికే పుట్టిన అపోహ కాదు. భారతదేశంలో 1939 వరకు ఆదాయపు పన్ను నిజంగానే ఆ పద్ధతిలో ఉండేది. వృత్తి పన్నులో, కరెంటు బిల్లులో అదే పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. ఆదాయపు పన్ను చట్టంలో సైతం, శ్లాబులతో సంబంధం లేని ఒకటి రెండు గీతల దగ్గర, ఆ భయానికి కొంత ఆధారం ఉంది. ఎక్కడ భయపడనక్కర లేదో, ఎక్కడ కాగితం మీద లెక్క వేసుకొని గాని అడుగు వేయకూడదో విడదీసి చూపడం ఈ అధ్యాయం పని.

ఆదాయం ఎంతైనా ఒకే శాతం వసూలు చేస్తే దాన్ని అనుపాత పన్ను అంటారు. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను శాతం కూడా పెరిగితే అది పురోగామి పన్ను. తక్కువ ఆదాయం ఉన్నవారి మీదే ఎక్కువ శాతం పడితే తిరోగామి పన్ను. సబ్బు బిళ్ల మీద జీఎస్టీ కూలీకీ కంపెనీ యజమానికీ ఒకటే కాబట్టి, ఆదాయంలో వాటాగా చూసినప్పుడు ఆ పన్ను కూలీకే ఎక్కువ బరువు. ఆదాయపు పన్ను దీనికి ఎదురు దిశలో నడుస్తుంది: తిండికి, అద్దెకు, పిల్లల ఫీజులకు పోయే తొలి లక్షలను విడిచిపెట్టి, ఆ పైన వచ్చే లక్షల మీద అంచెలంచెలుగా రేటు పెంచుతుంది. ఈ అంచెలే శ్లాబులు. ఒక్కో శ్లాబు రేటు ఆ శ్లాబులో పడిన ఆదాయానికి మాత్రమే వర్తిస్తుందని, ఆదాయం పై శ్లాబులోకి వెళ్లినా కింది శ్లాబుల్లోని భాగం కింది రేట్ల దగ్గరే ఉండిపోతుందని గ్రహిస్తే ఈ విషయంలో సగం చిక్కు విడిపోయినట్టే.

2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, కొత్త పన్ను విధానంలో, తొలి 4 లక్షల మీద పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు ఉన్న భాగం మీద 5 శాతం, 8 నుంచి 12 లక్షల భాగం మీద 10 శాతం, 12 నుంచి 16 మీద 15 శాతం, 16 నుంచి 20 మీద 20 శాతం, 20 నుంచి 24 మీద 25 శాతం, 24 లక్షల పైన ఎంత ఉంటే అంతటి మీదా 30 శాతం. ఇలా వచ్చిన పన్ను మీద ఆరోగ్య, విద్యా సెస్సు పేరుతో మరో 4 శాతం కలుస్తుంది. సెస్సును ఆదాయం మీద కాక పన్ను మీద లెక్కిస్తారు. కనుక 30 శాతం శ్లాబులో అసలు రేటు 31.2 శాతమే అవుతుంది గాని 34 కాదు.

ఒక ఉద్యోగి ఏడాది స్థూల జీతం 17,75,000 రూపాయలు అనుకుంటే, అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసివేయగా పన్ను లెక్కకు నిలిచే ఆదాయం 17,00,000. శ్లాబుల వారీగా దీన్ని పంచితే తొలి 4 లక్షల మీద సున్నా, రెండో 4 లక్షల మీద 20,000, మూడో 4 లక్షల మీద 40,000, నాలుగో 4 లక్షల మీద 60,000, మిగిలిన ఒక లక్ష మీద 20,000 చొప్పున మొత్తం 1,40,000. సెస్సు 5,600 కలిపితే 1,45,600. ఈ ఉద్యోగి "20 శాతం శ్లాబులో" ఉన్నాడని అందరూ అంటారు, అతనూ అలాగే చెప్పుకొంటాడు. కాని 17 లక్షలకు 20 శాతమంటే 3,40,000 కావాలి. అతను కడుతున్నది అందులో సగం కూడా లేదు, ఎందుకంటే 20 శాతం రేటు అతని ఆదాయంలో పదిహేడో లక్షను మాత్రమే తాకింది.

జీతం 16 లక్షల గీతను దాటిన క్షణంలో జరిగేది మరీ చిన్న మార్పు. సరిగ్గా 16,00,000 మీద పన్ను 1,20,000. ఆదాయం 16,00,100 అయితే పన్ను 1,20,020. ఆ అదనపు వందలో ఇరవై రూపాయలు, సెస్సుతో కలిపి ఇరవై రూపాయల ఎనభై పైసలు పోతాయి; తక్కిన డెబ్బై తొమ్మిది రూపాయల ఇరవై పైసలు చేతిలోనే ఉంటాయి. గీతకు ఇవతల వచ్చి ఉంటే ఆ వంద మీద పదిహేను రూపాయల అరవై పైసలు పోయేవి. శ్లాబు మారడం వల్ల కలిగిన నష్టమంతా ఆ ఐదు రూపాయల ఇరవై పైసలే, అది కూడా గీత దాటి వచ్చిన ప్రతి వందకు మాత్రమే. ఏ శ్లాబు రేటూ నూరు శాతం కాదు కాబట్టి, శ్లాబు దాటినందువల్ల చేతికందే మొత్తం తగ్గిపోవడం అంకగణితం ఒప్పుకోని సంగతి.

ఇక్కడ రెండు పదాలను వేరుచేసి పట్టుకోవాలి. చివరగా సంపాదించిన రూపాయి మీద పడే రేటును ఉపాంత రేటు అంటారు. మొత్తం పన్నును మొత్తం ఆదాయంతో భాగిస్తే వచ్చేది సగటు రేటు. పైన చూపిన ఉద్యోగికి సెస్సు కాకుండా ఉపాంత రేటు 20 శాతం, సగటు రేటు 8.2 శాతం. 24 లక్షల పన్ను ఆదాయం ఉన్న వ్యక్తికి పన్ను సరిగ్గా 3,00,000, అంటే సగటు 12.5 శాతం, ఆ తర్వాతి రూపాయి నుంచి ఉపాంత రేటు 30. ఆదాయం ఎంత పెరిగినా సగటు రేటు ఉపాంత రేటును సమీపిస్తుందే తప్ప దాన్ని అందుకోదు, ఎందుకంటే తొలి 24 లక్షల మీద తక్కువ రేట్ల వల్ల కలిగిన ఆదా ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఈ రెండు రేట్లకు రెండు వేర్వేరు ప్రయోజనాలున్నాయి. ఏడాదికి ఇల్లు నడపడానికి ఎంత మిగులుతుందో, ప్రభుత్వానికి ఎంత పోతున్నదో తెలుసుకోవడానికి సగటు రేటు కావాలి. మరో పని ఒప్పుకోవాలా, డిపాజిట్ వేయాలా, బోనస్ ఈ ఏడు తీసుకోవాలా వచ్చే ఏడా అన్న నిర్ణయాలకు ఉపాంత రేటు కావాలి. ఒకదానికి వాడవలసినదాన్ని రెండోదానికి వాడడమే ఇంటి లెక్కల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం.

ఇంతకీ ఈ భయం ఎక్కడిదన్నది చూడాలి. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా లోటును పూడ్చడానికి లండన్ నుంచి వచ్చిన జేమ్స్ విల్సన్ (ది ఎకనామిస్ట్ పత్రికను స్థాపించినవాడు ఇతడే) 1860లో ఈ దేశంలో తొలి ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 నుంచి 500 రూపాయల ఆదాయానికి 2 శాతం, అంతకు మించితే 4 శాతం అన్నవి నాటి రేట్లు. ఇలాంటి రేట్లను మొత్తం ఆదాయం మీద ప్రయోగిస్తే ఏమవుతుందో లెక్క వేయడం తేలిక: 500 మీద 10 రూపాయలు, 510 మీద 20 రూపాయల 40 పైసలు. పది రూపాయలు ఎక్కువ సంపాదించినవాడు పన్నుగా పది రూపాయల నలభై పైసలు ఎక్కువ కట్టి, సంపాదించనివాడి కంటే వెనకబడతాడు. ఆదాయం ఏ మెట్టు మీద నిలిస్తే ఆ మెట్టు రేటు మొత్తం ఆదాయానికి వర్తించే ఈ మెట్టు పద్ధతే 1922 చట్టం కింద కూడా సాగింది. 1935-36 నాటి ఆదాయపు పన్ను విచారణ సంఘం ఇందులోని అన్యాయాన్ని ఎత్తిచూపాక, 1939లో దాన్ని తీసేసి శ్లాబు పద్ధతిని ప్రవేశపెట్టారు. అంటే ఈనాటి ఉద్యోగి దేనికి భయపడుతున్నాడో దాన్ని తొలగించడానికే శ్లాబులు పుట్టాయి. శ్లాబు అన్న మాట వినగానే గుండె ఝల్లుమనడం ఆ రకంగా చూస్తే కాస్త విడ్డూరమే.

రేట్లు ఎంత తీవ్రమైనా ఈ నియమం మారలేదనడానికి 1970ల ఆరంభమే సాక్ష్యం. అప్పట్లో 2 లక్షల పైబడిన ఆదాయం మీద 85 శాతం రేటు, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి కలిసి 97.75 శాతం అయ్యేది. ఆ గీత దాటిన ప్రతి వందలో సంపాదించినవాడికి దక్కేది రెండు రూపాయల పావలా. అది దోపిడీ లాంటి రేటు అనవచ్చు గాని, ఆ రెండుంపావలా అయినా దక్కేది. గీత దాటినందుకు అంతకు ముందున్నది పోయేది కాదు. అయితే వందకు రెండుంపావలా కోసం ఎవరూ లెక్కల్లో నిజం చూపరన్నది సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వాంఛూ అధ్యక్షతన పనిచేసిన సంఘం గుర్తించి, పన్ను ఎగవేతకు ఇంత ఎత్తు రేట్లే ఒక ముఖ్య కారణమని చెప్పింది. తర్వాత రేట్లు దిగుతూ వచ్చి, 1985లో వి.పి. సింగ్ బడ్జెట్‌తో గరిష్ఠ రేటు 50 శాతానికి, 1997లో చిదంబరం బడ్జెట్‌తో 30 శాతానికి చేరాయి.

చట్టం నుంచి మెట్టు పద్ధతి పోయినా జనం అనుభవంలోంచి పోలేదు. తెలుగు ఇళ్లలో శ్లాబు అన్న మాట వినిపించేది ఆదాయపు పన్ను కంటే కరెంటు బిల్లు విషయంలోనే ఎక్కువ. తెలంగాణలో 2022-23 గృహ విద్యుత్ టారిఫ్ ప్రకారం నెలకు 100 యూనిట్ల లోపు వాడేవారికి తొలి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. కాని 100 దాటిన ఇంటికి తొలి యూనిట్ నుంచే రేటు 3.40 అవుతుంది, నూరు పైబడినవాటికి 4.80. కాబట్టి 100 యూనిట్లకు విద్యుత్ ఛార్జి 252 రూపాయల 50 పైసలైతే, 101 యూనిట్లకు 344 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్‌కు తొంభై రెండు రూపాయలు. వేసవిలో కూలరు ఆన్ చేసిన ఇల్లాలు మీటరు వైపు బెదురుగా చూడడంలో అర్థముంది. ఆమె లెక్క సరైనదే. ఆ అనుభవాన్ని అలాగే తీసుకెళ్లి ఫారం 16 మీద పెట్టడంలోనే తేడా వస్తున్నది.

జీతం చీటీలోనే ఆ బెదురును పెంచే పద్దు మరొకటి ఉంది, అదే వృత్తి పన్ను. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నెల జీతం 15,000 దాకా వృత్తి పన్ను లేదు. 15,001 నుంచి 20,000 దాకా 150 రూపాయలు. 20,000 దాటితే 200. రాజ్యాంగం 276వ అధికరణం ఒక మనిషి మీద ఈ పన్ను ఏడాదికి 2,500 రూపాయలు మించరాదని కట్టడి చేసింది కాబట్టి దీని మొత్తం చిన్నదే, కాని దీని స్వభావం అచ్చమైన మెట్టు పద్ధతి: 15,000 జీతగాడికి ఒక రూపాయి పెరిగితే నూటయాభై పోతుంది. ఒకే చీటీలో పక్కపక్కనే కోత పడే రెండు పన్నుల్లో ఒకటి మెట్టు, మరొకటి శ్లాబు అని ఏ కార్యాలయమూ ఉద్యోగికి చెప్పదు.

ఇక ఆదాయపు పన్నులో భయానికి నిజంగా తావున్న చోటుకు రావాలి. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదని అందరూ అనే మాటకు చట్టంలో ఆధారం శ్లాబు కాదు, రిబేటు. రిబేటు అంటే ముందు పన్ను లెక్కగట్టి, ఆ తర్వాత షరతు మీద దాన్ని మాఫీ చేయడం. 12 లక్షల ఆదాయం మీద శ్లాబుల ప్రకారం 60,000 పన్ను పడనే పడుతుంది. 1961 చట్టంలోని 87ఎ సెక్షన్ ఆ 60,000ను వదిలేస్తుంది. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ వల్ల ఈ గీత స్థూల జీతంలో 12,75,000 దగ్గర ఉంటుంది. శ్లాబుకు, రిబేటుకు తేడా ఏమిటంటే, శ్లాబు దాటినవారికి కింది శ్లాబుల మేలు మిగులుతుంది, రిబేటు గీత దాటినవారికి రిబేటు మొత్తం పోతుంది. మెట్టు పద్ధతి మరో పేరుతో తిరిగి వచ్చినట్టు ఇది.

దీన్ని మెత్తబరచడానికి చట్టం మార్జినల్ రిలీఫ్ అనే ఊరట ఇచ్చింది: 12 లక్షల మీద ఎంత ఎక్కువ సంపాదిస్తే పన్ను అంతకు మించరాదు. 12,10,000 ఆదాయం మీద శ్లాబుల లెక్కన 61,500 రావాలి, ఈ ఊరట దాన్ని 10,000కు దించుతుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది. అయితే సెస్సు ఈ ఊరట తర్వాత లెక్కకు వస్తుంది కాబట్టి ఆ 10,000 మీద మరో 400 పడి, కట్టవలసింది 10,400 అవుతుంది. అంటే పది వేలు అదనంగా సంపాదించినవాడు 12 లక్షల దగ్గర ఆగినవాడి కంటే నాలుగు వందలు తక్కువతో ఇంటికి వెళ్తాడు. ఈ ఊరట 12,70,588 దాకా పనిచేస్తుంది, ఆ చోట నష్టం సుమారు 2,800కు చేరుతుంది. అక్కడి నుంచి మామూలు 15 శాతం రేటు మొదలై, ఆదాయం సుమారు 12,74,000 అయినప్పుడు గాని చేతికందేది మళ్లీ 12 లక్షలను అందుకోదు. స్థూల జీతంలో చూస్తే 12,75,000 నుంచి దాదాపు 13,49,000 వరకు ఉన్న ఈ డెబ్బై నాలుగు వేల మేర పెంపు వల్ల ఉద్యోగికి ఒరిగేది ఏమీ లేదు.

ఈ పరిధిలో పడేవారు చేయదగిన పని ఒకటుంది. కొత్త విధానంలో దాదాపు అన్ని మినహాయింపులూ పోయినా, యజమాని ఉద్యోగి జాతీయ పింఛను ఖాతాకు జమచేసే మొత్తం, మూల వేతనం, కరవు భత్యం కలిపినదానిలో 14 శాతం వరకు, ఆదాయంలోంచి తీసివేయడానికి వీలుంది. పెంపులో కొంత భాగాన్ని ఆ రూపంలో ఇమ్మని సంస్థను అడగగలిగితే పన్ను ఆదాయం తిరిగి 12 లక్షల ఇవతలికి వస్తుంది. ఉద్యోగి తన జేబులోంచి ఆ ఖాతాకు కట్టుకునేది దీని కిందికి రాదు; పే స్లిప్పులో యజమాని వాటాగా కనిపించాలి. అలాగే షేర్ల అమ్మకం మీద వచ్చే లాభాల వంటి, ప్రత్యేక రేట్లతో పన్ను పడే ఆదాయానికి కొత్త విధానంలో ఈ రిబేటు వర్తించదు. "12 లక్షల దాకా సున్నా" అన్న వార్తా శీర్షికను నమ్మి షేర్లు అమ్ముకొన్నవారికి రిటర్ను వేసే రోజున ఈ సంగతి తెలిసి రావడం విచారకరం.

సర్‌ఛార్జి కూడా రిబేటు జాతిదే. పన్ను మీద పన్నుగా, ఆదాయం 50 లక్షలు దాటితే మొత్తం పన్నులో 10 శాతం, కోటి దాటితే 15 శాతం, రెండు కోట్లు దాటితే 25 శాతం ఇది పడుతుంది. 51 లక్షల ఆదాయానికి శ్లాబు పన్ను 11,10,000, సర్‌ఛార్జితో 12,21,000 కావలసినది, ఊరట వల్ల 11,80,000 దగ్గర ఆగుతుంది. అంటే ఆ అదనపు లక్ష మొత్తం పన్నుకే పోతుంది, పైన సెస్సు నాలుగు వేలు. సుమారు 51,61,000 దాకా ఇదే పరిస్థితి. ఇంత ఆదాయం ఉన్నవారికి ఆడిటరు ఉంటాడు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర లేదు.

పురోగామి పన్ను తర్కం చాలా చక్కగా కనిపించేది వ్యవసాయ ఆదాయం దగ్గర. సేద్యం మీద వచ్చే ఆదాయానికి 1886 చట్టం నుంచి ఆదాయపు పన్ను లేదు. రాజ్యాంగం ఆ పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు వదిలింది. అయితే హైదరాబాదులో ఉద్యోగం, కోనసీమలో కొబ్బరి తోటో, పశ్చిమ గోదావరిలో కౌలుకిచ్చిన పొలమో ఉన్న మనిషి స్తోమత, ఉద్యోగం మాత్రమే ఉన్నవాడి స్తోమత ఒకటేనా అన్న ప్రశ్నను 1972లో కె.ఎన్. రాజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం లేవనెత్తింది. దాని సిఫార్సు మీద మరుసటి ఏడు బడ్జెట్‌తో వచ్చిన ఏర్పాటు ఇప్పటికీ అమలులో ఉంది. నికర వ్యవసాయ ఆదాయం 5,000 దాటి, తక్కిన ఆదాయం కనీస పరిమితిని మించినప్పుడు, పన్ను రేటు లెక్క కోసం రెండింటినీ కలుపుతారు. కాని వ్యవసాయ ఆదాయం మీద పన్ను వసూలు చేయరు.

పన్ను ఆదాయం 14 లక్షలు, పొలం మీద 3 లక్షలు ఉన్న ఉద్యోగి విషయం చూస్తే, ముందు మొత్తం 17 లక్షల మీద పన్ను లెక్కించి 1,40,000 అని రాసుకోవాలి. తర్వాత 4 లక్షల కనీస పరిమితికి పొలం ఆదాయం 3 లక్షలు కలిపి, ఆ 7 లక్షల మీద పన్ను 15,000ను అందులోంచి తీసివేయాలి. మిగిలిన 1,25,000 అతని పన్ను, సెస్సు వేరు. పొలం లేకపోతే 14 లక్షల మీద అతను 90,000 కట్టేవాడు. తేడా 35,000. పొలం మీద ఒక్క రూపాయి పన్ను పడలేదు, అయినా పొలం ఆదాయం వచ్చి కింది శ్లాబుల్లో కూర్చోవడంతో జీతం పై శ్లాబుల్లోకి జరిగింది. "వ్యవసాయానికి పన్ను లేదుగా" అని రిటర్నులో ఆ ఆదాయాన్ని చూపనివారు చాలామంది ఈ లెక్క తెలియకనే చూపరు. కౌలు రూపంలో వచ్చేది కూడా వ్యవసాయ ఆదాయమే. అదే పొలాన్ని చెరువుగా తవ్వి రొయ్యలు పెంచితే మాత్రం అది వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. తక్కిన వ్యాపారాల మాదిరే నేరుగా పన్ను పడుతుంది.

ఉపాంత రేటును చేతిలో పట్టుకొని చూస్తే రోజువారీ నిర్ణయాలు కొన్ని వేరుగా కనిపిస్తాయి. బ్యాంకు డిపాజిట్ మీద 7 శాతం వడ్డీ అంటే, పన్ను ఆదాయం 24 లక్షలు దాటినవారికి దక్కేది 4.8 శాతమే, ఎందుకంటే ఆ వడ్డీ జీతం పైన వచ్చి పడుతుంది గనుక దాని మీద 31.2 శాతం పోతుంది. అదే డిపాజిట్ ఇతర ఆదాయం పెద్దగా లేని తల్లి సొంత డబ్బుతో ఆమె పేరు మీద ఉంటే 7 శాతం మొత్తం నిలుస్తుంది. బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోత కోసింది కాబట్టి ఆ వడ్డీ మీద పన్ను తీరిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. లక్ష రూపాయల వడ్డీకి బ్యాంకు కోసింది 10,000, పై శ్లాబులో ఉన్నవారు కట్టవలసింది 31,200. తక్కిన 21,200కు ఆలస్యమైతే వడ్డీ కూడా కలుస్తుంది. పన్ను పరిధిలో లేనివారికి అదే 10,000 రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది.

పాత విధానంలో ఉన్నవారికి మినహాయింపుల విలువ కూడా ఉపాంత రేటును బట్టే ఉంటుంది. భవిష్య నిధి, బీమా ప్రీమియం వంటివాటి కింద చూపే 1,50,000 వల్ల 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో 46,800 మిగిలితే, 20 శాతం శ్లాబులో ఉన్నవారికి మిగిలేది 31,200. మినహాయింపులు ఎక్కువ ఆదాయం ఉన్నవారికే ఎక్కువ మేలు చేస్తాయన్న విమర్శ ఇక్కడే పుట్టింది, అందులో నిజముంది. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఆ 1,50,000 వల్ల మిగిలేది సున్నా. అయినా మార్చి వచ్చేసరికి అలవాటు కొద్దీ పాలసీ ఫారాలు నింపడం ఆగలేదు.

నెలనెలా పడే కోత విషయంలో మరో సంగతి తెలుసుకోవాలి. యజమాని ఏడాది మొత్తానికి పన్ను అంచనా వేసి, సగటు రేటుతో నెలనెలా కోస్తాడు. జనవరిలో జీతం పెరిగినా, బోనస్ వచ్చినా అంచనా మారి, అదనపు పన్ను అంతా మిగిలిన మూడు నెలల మీదే పడుతుంది. ఫిబ్రవరి జీతం సగమై కనబడినప్పుడు అది శ్లాబు చేసిన అఘాయిత్యం కాదు, పన్నెండు నెలల కోతను మూడు నెలల్లో కోయడం.

చివరగా బకాయిల సంగతి చూడాలి. రెండు రాష్ట్రాల్లోను ప్రభుత్వ ఉద్యోగులకు పీఆర్సీ, కరవు భత్యం బకాయిలు ఏళ్ల తర్వాత ఒక్కసారిగా అందడం పరిపాటి కాబట్టి ఇది వారికి బాగా అవసరం. పన్ను ఏడాది వారీగా లెక్కిస్తారు గనుక, రెండు మూడేళ్లలో పంచుకోవలసిన డబ్బు ఒకే ఏడాది పై శ్లాబుల్లో వచ్చి పడుతుంది. 2025-26లో పన్ను ఆదాయం 11,50,000 ఉన్న ఉద్యోగికి 2023-24కు చెందిన 2,00,000 బకాయి అందితే మొత్తం 13,50,000 అవుతుంది. బకాయి లేకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. బకాయితో 82,500, సెస్సు కలిపి 85,800. రెండు లక్షల్లో దాదాపు 43 శాతం పోయినట్టు. ఏ శ్లాబులోనూ లేని రేటు ఇది, రిబేటు గీత దాటడం వల్ల వచ్చింది.

1961 చట్టంలోని 89వ సెక్షన్ ఉన్నది ఇలాంటివారి కోసమే. ఆ బకాయి దాని సొంత ఏడాదిలోనే అంది ఉంటే ఎంత పన్ను పడేదో లెక్కించి, ఇప్పుడు పడుతున్నది అంతకు మించితే ఆ మేరకు తగ్గిస్తారు. 2023-24లో ఆ ఉద్యోగి కొత్త విధానంలోనే ఉండి, అప్పటి పన్ను ఆదాయం 9,50,000 అనుకుంటే, ఆ ఏడాది 9 నుంచి 12 లక్షల శ్లాబుకు రేటు 15 శాతం కాబట్టి బకాయి మీద పడేది 30,000, సెస్సుతో 31,200. ఇప్పటి 85,800కు, దానికి ఉన్న తేడా 54,600 అతనికి దక్కే ఊరట. వెనకటి ఏడాది రేటు ఇప్పటి కంటే ఎక్కువగా ఉండి ఉంటే ఊరట ఏమీ రాదు, కాబట్టి రెండు ఏళ్ల లెక్కలూ వేసి చూడాలి. దీనికి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఫారం 10ఇ నింపాలి, అదీ రిటర్ను వేయడానికి ముందే. ఫారం లేకుండా రిటర్నులో ఊరట మాత్రం రాసుకుంటే శాఖ దాన్ని కొట్టివేసి ఆ 54,600ను వడ్డీతో కట్టమని తాఖీదు పంపుతుంది. డ్రాయింగ్ అధికారి కార్యాలయంలో బకాయి బిల్లు నకలు, ఏ నెలకు ఎంత బకాయి అన్న పట్టిక చేతికి తీసుకోనివారికి ఆ ఫారం నింపడమే కష్టమవుతుంది.